సెలవులో ఉన్నన్నాళ్లూ మెయిలింగ్ లిస్టులను ఆపి ఉంచడం ఎలా?

తెరచాప

నమస్కారం అండి. వచ్చే నెల 3 వారాలు మెయిల్ చూడడం కుదరదు. మొత్తం 14 మెయిలింగ్ లిస్టులు ఉన్నాయి. ఎక్కువ భాగం మెయిల్‌మ్యాన్ అనే లిస్టు సాఫ్ట్‌వేర్ మీద నడిచేవి, 2 అలాంటిదే అయిన లిస్ట్‌సర్వ్‌వి, మిగతావి గూగుల్ గ్రూప్స్. అన్నీ కలిపి రోజుకు 200 మెయిళ్ల దాకా వస్తాయి. కొన్నింట్లో మళ్లీ చేరాలంటే అడ్మిన్ ఒప్పుకోవాలి కాబట్టి అన్‌సబ్‌స్క్రైబ్ అవ్వను. ఫిల్టర్ పెట్టి అన్నిటినీ ట్రాష్‌లోకి తోసేస్తే సరిపోతుందా, ఇంతకంటే మంచి దారి ఉందా? ఆటో రిప్లై కూడా పెట్టాలి, అది లిస్టుకు పోకూడదు. ఒక లిస్టుకు మోడరేటర్ (ఆపి ఉంచిన మెయిళ్లను చూసి ఆమోదించే) బాధ్యత కూడా నాదే.

జాబుపెట్టె

ట్రాష్ ఫిల్టర్ వద్దండి. మెయిల్ మీ పెట్టెకు చేరాక దాచడం కంటే, అసలు బయల్దేరకుండా లిస్టు సర్వర్ దగ్గరే ఆపడం మేలు. సభ్యత్వం అలాగే ఉంటుంది, పంపిణీ మాత్రమే ఆగుతుంది. దీన్నే నోమెయిల్ అంటారు.

మెయిల్‌మ్యాన్ 2: లిస్టు సమాచార పేజీ అడుగున మీ అడ్రస్ ఇచ్చి ఆప్షన్స్ పేజీలోకి వెళ్లండి. పాస్‌వర్డ్ గుర్తులేకపోతే ‘రిమైండ్’ బటన్ నొక్కితే మెయిల్‌లో వస్తుంది. లోపల ‘మెయిల్ డెలివరీ’ని ‘డిసేబుల్డ్’ చేయండి. దాని పక్కనే ‘సెట్ గ్లోబల్లీ’ అనే గడి ఉంటుంది. అది టిక్ చేస్తే అదే సర్వర్‌లో అదే అడ్రస్‌తో ఉన్న మీ లిస్టులన్నీ ఒక్కసారే ఆగుతాయి. పేజీ అడుగున ఉన్న ‘సబ్మిట్’ బటన్ నొక్కడం మరవొద్దు, చాలామంది దగ్గర తప్పేది అక్కడే.

మెయిల్‌మ్యాన్ 3లో పేజీ వేరు. అక్కడ సెట్టింగులు మూడు అంచెలు: మొత్తం ఖాతాకు, ఒక్కో అడ్రస్‌కు, ఒక్కో లిస్టుకు. కింది అంచెలో పెట్టినదే పైదాన్ని దాటి చెల్లుతుంది. ఖాతా స్థాయిలో ఆపినా ఫలానా లిస్టు వస్తూనే ఉంటే, ఆ లిస్టు స్థాయిలో ఎప్పుడో పెట్టిన సెట్టింగ్ ఉందేమో చూడండి.

లిస్ట్‌సర్వ్: లిస్టు అడ్రస్‌కు కాకుండా, ఆ సర్వర్‌లోని లిస్ట్‌సర్వ్ అనే అడ్రస్‌కు మెయిల్ పంపాలి. సబ్జెక్ట్ ఖాళీగా వదిలి, బాడీలో ఒకే వరుస: సెట్, లిస్టు పేరు, నోమెయిల్. లిస్టు పేరు స్థానంలో నక్షత్రం గుర్తు పెడితే ఆ సర్వర్‌లోని మీ లిస్టులన్నిటికీ వర్తిస్తుంది. తిరిగొచ్చాక ఇదే వరుసలో నోమెయిల్ బదులు మెయిల్ అని రాయాలి. (ఇక్కడ తెలుగులో రాశాను గానీ, ఆదేశాలు ఇంగ్లిష్ అక్షరాల్లోనే పంపండి.) పొరపాటున ఈ ఆదేశం లిస్టుకే పంపితే సభ్యులందరికీ పోతుంది.

గూగుల్ గ్రూప్స్‌లో గ్రూపు తెరిచి, మీ సభ్యత్వ సెట్టింగుల్లో సబ్‌స్క్రిప్షన్‌ను ‘నో ఇమెయిల్’ చేస్తే చాలు. ఒక్కో గ్రూపుకు విడిగా చేయాలి.

డైజెస్ట్‌కు (చాలా మెయిళ్లను ఒకే మెయిల్‌గా కలిపి పంపే పద్ధతికి) మారితే సరిపోతుందని కొందరు చెబుతారు. నా లెక్కలో అది సెలవుకు పనికొచ్చేది కాదు. మెయిల్‌మ్యాన్‌లో డైజెస్ట్ డిఫాల్ట్ పరిమాణం 30 కేబీ, అది నిండగానే ఒకటి బయల్దేరుతుంది. రద్దీ లిస్టయితే రోజుకు మూడు నాలుగు వస్తాయి.

వెనుకవాకిలి

ఆటో రిప్లై గురించి నేను చెబుతాను, పక్కవాళ్లకు నిజంగా ఇబ్బంది కలిగేది దీనితోనే.

ముందు వరుసక్రమం: నోమెయిల్ పెట్టి ఒక రోజు ఆగండి. క్యూలో ఉన్న మెయిళ్లు వచ్చేస్తాయి. ఆ తర్వాతే ఆటో రిప్లై ఆన్ చేయండి. లిస్టు నుంచి మెయిలే రాకపోతే దానికి జవాబు పోయే ప్రశ్నే లేదు.

ఆటో రిప్లై ఎలా ఉండాలో 2004లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సి 3834 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం చెబుతుంది. మీ అడ్రస్ ‘టు’లో గానీ ‘సీసీ’లో గానీ ఉంటేనే జవాబివ్వాలి. ‘ప్రిసిడెన్స్’ హెడర్‌లో (హెడర్లంటే మెయిల్ పైన మామూలుగా కనబడని సమాచార వరుసలు) లిస్ట్ అని ఉంటే వదిలేయొచ్చు. జవాబు ‘రిటర్న్-పాత్’ అడ్రస్‌కు (చేరని మెయిల్ వెనక్కి పోయే అడ్రస్‌కు) పోవాలి, ‘రిప్లై-టు’కు కాదు. ఈ చివరిది కీలకం. చాలా లిస్టులు రిప్లై-టులో లిస్టు అడ్రస్‌నే పెడతాయి. దాన్ని నమ్మిన ఆటో రిప్లై సభ్యులందరికీ పోతుంది. అలాంటి వాళ్లు ఇద్దరు ఒకేసారి సెలవులో ఉంటే ఒకరి జవాబుకు ఇంకొకరి జవాబు, ఎవరో ఆపేదాకా ఆగదు.

జీమెయిల్ వెకేషన్ రెస్పాండర్ మెయిలింగ్ లిస్టు మెయిళ్లకు జవాబివ్వదు, ఒకే మనిషికి 4 రోజుల్లోపు రెండోసారి పంపదు. మీ సర్వర్‌లో సీవ్ (సర్వర్ దగ్గరే మెయిల్ ఫిల్టర్లు రాసే భాష) ఉంటే దాని ‘వెకేషన్’ ఆదేశానికి మామూలు గడువు 7 రోజులు. మీకు రెండు మూడు అడ్రస్‌లు ఉంటే అవన్నీ అందులోని ‘అడ్రసెస్’లో రాయాలి, లేకపోతే ఆ అడ్రస్‌లకు వచ్చిన మెయిళ్లకు జవాబు పోదు. డెస్క్‌టాప్ మెయిల్ ప్రోగ్రాంలో ఫిల్టర్ రాసి టెంప్లేట్ పంపే పద్ధతి మాత్రం వద్దండి. అది కంప్యూటర్ ఆన్‌లో ఉంటేనే పనిచేస్తుంది, పైగా పై తనిఖీలను నమ్మకంగా చేయదు.

తెరచాప

ఇద్దరికీ ధన్యవాదాలండి. ఒక చిక్కు: లిస్ట్‌సర్వ్ లిస్టుల్లో ఒకదానికి ఆదేశం పంపితే మీరు సభ్యులు కాదని జవాబొచ్చింది. మెయిళ్లు మాత్రం వస్తూనే ఉన్నాయి.

జాబుపెట్టె

పాత అడ్రస్‌తో చేరి ఉంటారు, అక్కడి నుంచి ఇప్పటి పెట్టెకు ఫార్వర్డ్ అవుతోంది. ఆ లిస్టు మెయిల్ ఒకటి తెరిచి పూర్తి హెడర్లు చూడండి. ‘డెలివర్డ్-టు’ వరుసల్లో పాత అడ్రస్ కనబడుతుంది. ఆదేశం ఆ అడ్రస్ నుంచే పోవాలి. అక్కడి నుంచి పంపే వీలు లేకపోతే లిస్టు ఓనర్‌కు రాయండి, వాళ్లు మార్చగలరు.

నడిరేయి

నాలుగు విషయాలు మిగిలాయి.

ఆర్కైవ్ (పాత మెయిళ్లను దాచి ఉంచే చోటు) లేని లిస్టులను నోమెయిల్ చేయకండి. సెలవులో జరిగిన చర్చ మళ్లీ చదవడానికి ఎక్కడా దొరకదు. వాటికి మాత్రం ఫిల్టర్ పెట్టి విడి లేబుల్‌లోకి పంపండి, ట్రాష్‌లోకి కాదు. ఫిల్టర్‌ను సబ్జెక్ట్ మీద కాకుండా లిస్టును గుర్తించే ‘లిస్ట్-ఐడి’ హెడర్ మీద కట్టండి. జీమెయిల్‌లో ఆ లిస్టు మెయిల్ మెనూలో ‘ఇలాంటి మెయిళ్లను ఫిల్టర్ చేయి’ అన్నది నొక్కితే ఐడి తనంతట తానే నిండుతుంది. ‘స్కిప్ ఇన్‌బాక్స్’ టిక్ చేయండి.

వెళ్లేముందు పెట్టెలో చోటు ఎంత ఉందో చూడండి. పెట్టె నిండితే మెయిళ్లు బౌన్స్ అవుతాయి, అంటే చేరకుండా వెనక్కి పోతాయి. మెయిల్‌మ్యాన్ 2 బౌన్స్ లెక్క రోజుకు ఒక్కసారే పెంచుతుంది, డిఫాల్ట్‌గా 5కు చేరిందంటే పంపిణీ ఆపేస్తుంది. ఆపై 7 రోజులకొకటి చొప్పున 3 హెచ్చరికలు పంపి సభ్యత్వమే తీసేస్తుంది. ఆ హెచ్చరికలు కూడా నిండిన పెట్టెకే వస్తాయి కదా, మీకు తెలిసే దారి లేదు. అడ్మిన్ ఈ అంకెలను మార్చి ఉండొచ్చు.

ఇక మోడరేటర్ పని. నోమెయిల్ పెట్టినా మోడరేటర్‌కు వచ్చే నోటీసులు ఆగవు, అవి సభ్యత్వానికి సంబంధం లేని ఓనర్ అడ్రస్ మీదుగా వస్తాయి. ఆపిన మెయిళ్లను మెయిల్‌మ్యాన్ 2 డిఫాల్ట్‌గా ఎన్నాళ్లయినా ఉంచుతుంది, కాబట్టి పోవు. కానీ 3 వారాలు ఒక సభ్యుడి ప్రశ్న అలా పడి ఉండడం అన్యాయం. జనరల్ ఆప్షన్స్‌లోని మోడరేటర్ల పెట్టెలో మరొకరి అడ్రస్ చేర్చమని అడ్మిన్‌ను అడగండి. బయల్దేరడానికి 4 రోజుల ముందే చేసి, వాళ్ల చేత ఒక మెయిల్ ఆమోదింపజేసి చూడండి. పాస్‌వర్డ్ పనిచేయదన్న సంగతి మీరు ఊళ్లో ఉండగానే బయటపడాలి.

మెయిల్‌మ్యాన్ నోమెయిల్‌కు ముగింపు తేదీ ఉండదు, తనంతట తాను తిరిగి మొదలవదు. ఏ లిస్టు, ఏ సర్వర్, ఏ అడ్రస్, ముందు మామూలా డైజెస్టా అన్నది ఒక కాగితం మీద 14 వరుసలుగా రాసుకోండి. తిరిగొచ్చే రోజుకు క్యాలెండర్‌లో గుర్తు పెట్టి, ఆ వరుసలు ఒక్కొక్కటి కొట్టేస్తూ వెనక్కి మార్చుకోండి.