ఒరిగిన దవడ పన్ను ఆధారంగా బ్రిడ్జి కట్టించుకోవచ్చా?

కింది_దవడ:
కింద కుడివైపు మొదటి పెద్ద దవడ పన్ను లేక నాలుగేళ్లయింది. వెనకున్న పన్ను ఆ ఖాళీలోకి ఒరిగింది. పైన ఎదురుగా ఉన్న పన్ను కొద్దిగా కిందికి జారింది. ముందున్న చిన్న దవడ పన్ను మాత్రం శుభ్రంగా ఉంది, పిప్పి లేదు, ఫిల్లింగ్ లేదు. రెండు పక్క పళ్లకీ క్యాప్‌లు వేసి, వాటి మధ్య కట్టుడు పన్ను నిలిపే మూడు పళ్ల బ్రిడ్జి వేద్దామని ఒక డాక్టరు, ఎముకలో స్క్రూ దించి దాని మీద పన్ను పెట్టే ఇంప్లాంట్ మేలని ఇంకో డాక్టరు అంటున్నారు. బ్రిడ్జి అయితే రెండు ఆధారం పళ్లకీ ముందే రూట్ కెనాల్ చేసేస్తారట. అది తప్పనిసరా? ఒరిగిన పన్ను బరువు మోస్తుందా? బ్రిడ్జికి జిర్కోనియా అనే గట్టి తెల్ల సిరామిక్ మంచిదా, మెటల్ మీద పింగాణీయా? ఈ పని తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ఆధారంపన్ను:
ముందు బరువు సంగతి. కింది మొదటి పెద్ద దవడ పన్ను వేళ్ల ఉపరితలం సగటున 431 చదరపు మి.మీ. దాని ముందున్న చిన్న దవడ పన్నుది 207, వెనక పన్నుది 426. ఈ రెండూ కలిపితే 633. ఆధారం పళ్ల వేళ్ల ఉపరితలం పోయిన పన్నుదాని కంటే తక్కువ కాకూడదన్నది 1926 నాటి యాంటే సూత్రం. ఆ లెక్కన మీకు ఇబ్బంది లేదు. కాకపోతే ఇది ఎముక నిండుగా ఉన్నప్పటి లెక్క. ఎక్స్‌రేలో ఎముక మట్టం చూడాలి. ఎముకలో పాతుకున్న వేరు, పైకున్న పన్ను పొడవుకి కనీసం సమానంగానైనా ఉండాలి, ఒకటిన్నర రెట్లుంటే భేషు. ఈ సూత్రాన్ని మరీ శాసనంలా పట్టుకోనక్కర్లేదు లెండి. చిగుళ్ల జబ్బు అదుపులో ఉన్న నోళ్లలో ఇంతకంటే తక్కువ ఆధారం మీద కూడా బ్రిడ్జిలు నిలిచాయి.

చిక్కంతా ఒరుగుడుతోనే. బ్రిడ్జి ఒక్క ముక్క కాబట్టి రెండు పళ్ల మీదా ఒకే దారిలో దిగాలి. రెండు పళ్ల నిలువు గీతల మధ్య తేడా 25 నుంచి 30 డిగ్రీలు దాటితే మామూలుగా అరగదీసి పని కానివ్వడం కష్టం. ఒరిగిన పన్ను ముందు గోడని ఎక్కువగా కోయాల్సి వస్తుంది, కోత నరం దాకా పోతుంది. దాని వెనక జ్ఞానదంతం ఉందేమో కూడా చూడండి. అదీ వెంట ఒరిగి బ్రిడ్జి దిగే దారికి అడ్డం పడుతుంది. అలాంటప్పుడు దాని ముందు అంచుని కాస్త అరగదీస్తారు, లేదా పన్నే తీసేస్తారు.

తేడా ఎక్కువైతే నాకు నచ్చే దారి, క్లిప్పులతో ఆ పన్నుని నిలబెట్టడం. సాధారణంగా కొన్ని నెలల పని. అది కుదరకపోతే ఒరిగిన పన్ను మీద ముందు పల్చటి లోహపు తొడుగు, దాని మీద బ్రిడ్జి వేసే పద్ధతి ఉంది. కానీ రెండు పొరలకి చోటు కావాలి, కోత ఇంకా పెరుగుతుంది.

రూట్ కెనాల్ ముందుగానే చేయడం తప్పనిసరి కాదు. బతికున్న పన్ను ఆధారంగా బలమైనది. రూట్ కెనాల్‌లో లోపలి నుంచీ పదార్థం పోతుంది, ఆపైన క్యాప్ కోసం బయటి నుంచీ పోతుంది, మధ్యలో మిగిలేది పల్చటి గోడ. నిలువునా చీలేవి ఎక్కువగా ఇలాంటి పళ్లే. బ్రిడ్జి మోసే ప్రాణమున్న పళ్లలో పదేళ్లలో సుమారు పదింట ఒకదానికి నరం చచ్చిపోవచ్చు. ఆ ఒక్కదాని కోసం అన్నిటికీ ముందే చేయడం ఏం న్యాయం? కోతలో నరం బయటపడేంత ఒరుగుడు ఉంటేనే ఆ వెనక పన్నుకి చేయాలి. ముందు పన్ను జోలికి వెళ్లకూడదు.

వ్యాక్స్_కత్తి:
ల్యాబ్ వైపు నుంచి. బ్రిడ్జి విరిగేది ఎక్కువగా కనెక్టర్ దగ్గరే, అంటే క్యాప్‌కీ మధ్య పన్నుకీ ఉండే అతుకు దగ్గర. వెనక మూడు పళ్ల జిర్కోనియా బ్రిడ్జికి ఆ అతుకు అడ్డకోత కనీసం 9 చదరపు మి.మీ. ఉంచుతాం. వెడల్పు కంటే ఎత్తు ముఖ్యం, ఎందుకంటే వంగకుండా నిలిచే శక్తి ఎత్తు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. పొడవు సంగతీ అంతే. మధ్యలో ఒకటికి బదులు రెండు పళ్లు వేలాడితే వంపు ఎనిమిది రెట్లు, మూడైతే ఇరవై ఏడు రెట్లు.

మీ కేసులో నేను భయపడేది కిందికి జారిన పైపన్నుకే. అది ఎత్తుని మింగేస్తుంది. ఎత్తు 2.5 మి.మీ. మిగిలిందనుకోండి, అడ్డకోత సరిపెట్టడానికి అతుకుని పక్కకి వెడల్పు చేయాలి. అప్పుడు చిగురు మీద సందు మూసుకుపోయి బ్రష్ దూరదు. కాబట్టి కొలత తీసేముందే పైపన్నుని సరిచేయించుకోండి. ఎనామిల్ వరకు కాస్త అరగదీస్తే చాలా, క్యాప్ కావాలా అన్నది ఎంత జారిందో చూసి తేల్చుకోవాలి.

మెటీరియల్: వెనక పళ్లకి పూర్తి జిర్కోనియా అయితే పైన 1 నుంచి 1.5 మి.మీ. కోత చాలు. మెటల్ మీద పింగాణీకి 1.5 నుంచి 2 కావాలి, పింగాణీ పెచ్చులూడే అవకాశమూ ఉంటుంది. ఎత్తు బొత్తిగా తక్కువైతే పింగాణీ లేని ఉత్త మెటలే ఉత్తమం, తక్కువ మందంలో బలమిచ్చేది అదే. ఈమ్యాక్స్ లాంటి లిథియం డైసిలికేట్ (గాజు తరహా సిరామిక్) పెద్ద దవడ పన్ను బ్రిడ్జికి పనికిరాదు. మధ్య పన్ను చిగురుని జీనులా కప్పకూడదు, చెంప వైపు మాత్రమే తేలిగ్గా తాకాలి. వెనక ఎవరికీ కనబడదు కాబట్టి చిగురుకి 2, 3 మి.మీ. పైన గాల్లో ఉంచినా తప్పులేదు. చూడ్డానికి బాగోదు గానీ శుభ్రం చేయడం సులువు.

ఒక మాట. బిగించాక జిర్కోనియాని డైమండ్ బర్‌తో సరిచేస్తే, అక్కడ మళ్లీ పాలిష్ చేయమని అడగండి. గరుకుగా వదిలేస్తే ఎదుటి పన్నుని తినేస్తుంది.

కింది_దవడ:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. ఏ దోషమూ లేని ముందు పన్నుని అరగదీయడమే మనసుకి ఒప్పడం లేదు. ఇంకోటి, బ్రిడ్జి ఒకవైపే ఊడినా తెలియదంటారు, నిజమేనా?

ఆధారంపన్ను:
మీ సంకోచం సబబే. పూర్తి క్యాప్‌కి పన్ను బయటి భాగంలో దాదాపు మూడింట రెండు వంతులు పోతుంది, మళ్లీ రాదు. ఇంప్లాంట్‌కి ఇదే గట్టి వాదన. అయితే ఇంప్లాంట్ పెట్టినా ఒరుగుడు మిమ్మల్ని వదలదు. ఖాళీ నిడివి కనీసం 7 మి.మీ. కావాలి, పక్క పళ్ల వేళ్ల నుంచి 1.5 మి.మీ. ఎడం, కింద నరపు కాలువకి 2 మి.మీ. పైన ఉండాలి. నాలుగేళ్లలో ఎముక వెడల్పూ తగ్గి ఉంటుంది. 4 మి.మీ. స్క్రూకి సుమారు 6 మి.మీ. వెడల్పు చూస్తాం. త్రీడీ స్కాన్ లేకుండా ఎవరు ఏది చెప్పినా ఊహే. నా మటుకు మీ కేసులో ముందు వెనక పన్నుని నిలబెట్టి, తర్వాత ఎముక చాలితే ఇంప్లాంట్, చాలకపోతే బ్రిడ్జి అంటాను.

సందు_బ్రష్:
ఒకవైపు ఊడడం నిజమే, బ్రిడ్జికి వచ్చే ఇబ్బందుల్లో అదే ప్రమాదకరం. రెండో వైపు గట్టిగా పట్టి ఉంచుతుంది కాబట్టి నొప్పి ఉండదు. నమిలిన ప్రతిసారీ ఊడిన క్యాప్ కిందికి లాలాజలం పంపు కొట్టినట్టు లోపలికీ బయటికీ ఆడుతుంది, లోపల పన్ను పుచ్చి మెత్తబడుతుంది. గుర్తులు: పోని దుర్వాసన, ఆ వైపు చేదు రుచి, తీపో చల్లనిదో తగిలితే జివ్వుమనడం. డాక్టరు క్యాప్ అంచు దగ్గర తడి చేసి బ్రిడ్జిని పైకీ కిందికీ కదిపితే బుడగలొస్తాయి. ఊడిందని తేలితే మొత్తం తీసి పన్నుని చూశాకే మళ్లీ అతికించాలి. ఇంట్లో జిగురుతో అతికించే పని వద్దే వద్దు.

ఎందుకు ఊడుతుంది? పన్ను పొట్టిగా ఉంటే, లేదా గోడలు మరీ ఏటవాలుగా కోస్తే. అరగదీశాక చిన్న పన్నుకి కనీసం 3 మి.మీ., పెద్దదానికి 4 మి.మీ. ఎత్తు మిగలాలి. సిమెంట్ దగ్గర పొరపాట్లూ ఉంటాయి. జిర్కోనియాని నోట్లో సరిచూశాక ఫాస్ఫారిక్ యాసిడ్‌తో కడిగితే రెజిన్ సిమెంట్ (బ్రిడ్జిని పన్నుకి అతికించే ప్లాస్టిక్ తరహా జిగురు) సరిగా పట్టదు. దానికి వేరే క్లీనర్ వాడాలి, లేదా ఇసుకతో బ్లాస్ట్ చేయాలి. తాత్కాలిక సిమెంట్‌లో యూజినాల్, అంటే లవంగ నూనె సరుకు, ఉంటే అదీ రెజిన్‌ని సరిగా గట్టిపడనివ్వదు.

శుభ్రత: రోజూ రాత్రి సూపర్‌ఫ్లాస్ (పళ్ల సందులు తుడిచే దారం) గట్టి కొసని చెంప వైపు నుంచి అతుకు కింద దూర్చి నాలుక వైపుకి లాగండి. దూదిలా ఉబ్బిన భాగం మధ్య పన్ను అడుగున ముందుకీ వెనక్కీ ఆడించి, తర్వాత రెండు ఆధారం పళ్ల గోడలకి ఆనించి రుద్దండి. సందు బ్రష్ అయితే కొంచెం రాపిడితో దూరే సైజు తీసుకోండి. వదులుగా తిరిగితే అది పాచిని తుడవదు.

కింది_దవడ:
క్లిప్పులతో నిలబెట్టిన పన్ను మళ్లీ ఒరగదా?

ఆధారంపన్ను:
వదిలేస్తే ఒరుగుతుంది. నిలబెట్టాక వేళ్ల చుట్టూ ఎముక కుదురుకునేదాకా కొన్ని వారాలు తీగతో కదలకుండా పట్టి ఉంచాలి. కొలత అప్పుడే తీయాలి. పళ్లు అరగదీసిన రోజు నుంచి బ్రిడ్జి వచ్చేదాకా తాత్కాలిక బ్రిడ్జి ఉండాల్సిందే, అది ఊడితే అదే రోజు వెళ్లి పెట్టించుకోండి. కొద్ది రోజులు ఖాళీగా వదిలినా పళ్లు జరుగుతాయి, ల్యాబ్ నుంచి వచ్చిన బ్రిడ్జి దిగదు.