ఆశాపాశం పద్యం: మొదటి పాదం ఎవరికైనా సరిగ్గా గుర్తుందా?

మిషిగన్ ఒడ్డున: నిన్నటినుంచి పోతన భాగవతంలోని ఒక పాదం బుర్ర తినేస్తోంది. "ఆశాపాశంబు కడు నిడుపు లేదంతంబు రాజేంద్రా..." అంటుంటే శార్దూలం (ఈ పద్యం ఛందస్సు) నడక రావట్లేదు. ఆశ అనే తాడు చాలా పొడవు, దానికి అంతం లేదు రాజా అని అర్థం. మా షికాగో బేస్‌బాల్ జట్టు కబ్స్ కోసం అడుగుతున్నా. పక్కింటి పెద్దాయనది మూడు తరాల కబ్స్ పిచ్చి. 1908లో వరల్డ్ సిరీస్ (బేస్‌బాల్ ఫైనల్) గెలిచాక మళ్ళీ గెలిచింది 2016లోనే. 108 ఏళ్ళ ఆశ! ఈ పాదం అందంగా రాసి, అర్థం చెప్పి, చట్రం కట్టించి ఇద్దామని.

గణపతి కాదు గణాలు: "పాశంబు" అంటే నాలుగో అక్షరం గురువైపోయి సగణం (రెండు లఘువులు, ఒక గురువు) చచ్చింది. "ఆశాపాశము దాఁ గడున్ నిడుపు, లే దంతంబు రాజేంద్ర! వా" అదీ పాదం. ఆ "దాఁ"ని అందరూ మింగేస్తారు. "కడున్"లో పొల్లునీ వదిలేస్తారు.

పాతపుస్తకాల పురుగు: మొదటి పాదం సరే, అసలు తంటా మూడోదాంట్లో ఉంది. ప్రాసకి ప్రతి పాదంలో రెండో అక్షరం హల్లు ఒకటే ఉండాలి కదా, ఆశ, రాశి అంటూ శకారం పట్టుకొచ్చి "గాసిం బొందిరిఁ గాక" దగ్గర సకారం! దీనికి ఎవరైనా సమాధానం చెప్పండి.

గణపతి కాదు గణాలు: పోతన్నకి ప్రాస మనం నేర్పాలా అండీ?

పాతపుస్తకాల పురుగు: నేర్పడం లేదు, అడుగుతున్నా. ఆ కాలంలో పలుకుబడి "గాశి" అయ్యుంటుందని నా ఊహ.

గణపతి కాదు గణాలు: బ్రౌన్ నిఘంటువులోనూ గాసే. ఊహలకి అరసున్నలు పెట్టకండి.

వసంతతిలక: ఆ పద్యం పెద్దాయనకి ఇవ్వకండి బాబూ. మూడడుగులు చాలవు, ఇంకా అడగమన్న బలితో వామనుడు అన్నమాట అది. మూడో పాదం చివర "అర్థకామాశ" అని విడమరిచి మరీ చెప్పాడు. అది దురాశ. సముద్రాల మధ్య భూమి అంతా ఏలినా తృప్తిలేని వైన్యుడు, గయుడు లాంటి రాజులకి చెల్లుతుంది. న్యూయార్క్ యాంకీస్‌కి రాసివ్వండి, 27 సార్లు గెలిచి ఇంకా కావాలంటున్నారు.

మిషిగన్ ఒడ్డున: హహ, అది నిజమే. కానీ మావాళ్ళు మూడడుగులు కూడా అడగలేదండీ, ఒక్కటి చాలన్నారు. 1945లో సిరీస్ చివరిదైన ఏడో ఆట దాకా వెళ్ళి డెట్రాయిట్ చేతిలో ఓడారు. మేకతో వచ్చిన బారు యజమానిని మైదానంలోంచి పంపేశారని, ఆయన శపించాడని ఇక్కడ చిన్నపిల్లలు కూడా కథ చెబుతారు. 2016లోనూ ఏడో ఆటే, క్లీవ్‌లాండ్‌లో. తొమ్మిది ఇన్నింగ్స్‌కి సమానం, అప్పుడు వాన, 17 నిమిషాలు ఆట ఆగింది. పదో ఇన్నింగ్స్‌లో 8–7. ఆ రోజుల్లో కబ్స్ సొంత మైదానం రిగ్లీ ఫీల్డ్ బయటి ఇటుక గోడల నిండా జనం సుద్దముక్కలతో పేర్లు రాశారు. ఎక్కువ భాగం ఈ గెలుపు చూడకుండా పోయిన అమ్మానాన్నలవి, తాతలవి. మా పెద్దాయన వాళ్ళ నాన్న పేరు రాసొచ్చారు. దీన్ని దురాశ అంటారా?

వసంతతిలక: నేననను. పద్యం అంటుంది.

దిక్కులు చూసేవాడు: అందరూ నాలుగో పాదం వదిలేశారు. "నిజాశాంతంబులం జూచిరే." సంస్కృతంలో ఆశ అంటే దిక్కు కూడా. ఆ రాజులు దిక్కుల అంతాలు చూశారు, ఆశ అంతం మాత్రం చూడలేదు. రెండో పాదంలో వారాశిని (సముద్రాన్ని) పెట్టింది ఇందుకే. ఈ శ్లేష ఏ మాష్టారూ నాకు చెప్పలేదు.

పాతపుస్తకాల పురుగు: "నిజ" అని ఉంది కదండీ, తమ ఆశ. తమ దిక్కులేమిటి?

దిక్కులు చూసేవాడు: తాము జయించిన దిక్కులు.

పాతపుస్తకాల పురుగు: లాగుతున్నారు.

వసంతతిలక: నన్నడిగితే "కారే రాజులు" ఇవ్వండి. "వారేరీ" అన్నచోట గొంతు పట్టేస్తుంది, గోడ మీది పేర్లకీ సరిపోతుంది.

మిషిగన్ ఒడ్డున: అది సిరి మూటగట్టుకున్నవాళ్ళ గురించి కదా! ఎర్నీ బ్యాంక్స్‌కి ఏం చెబుతారు? 1953 నుంచి 1971 దాకా కబ్స్‌కే ఆడాడు, 512 హోమ్ రన్లు కొట్టాడు, సిరీస్ గడప కూడా తొక్కలేదు. 2015 జనవరిలో పోయాడు. ఇంకో రెండేళ్ళు ఆగితే...

ఓరుగల్లు బిడ్డ: సొంతూరి జట్టు ముచ్చట గనుక చెప్తున్న, పోతన సొంతూరు బమ్మెర.

కడప గడప: ఒంటిమిట్ట అన్నా. పోతన చెప్పిన ఏకశిలానగరం అంటే ఏందో ఆ రాముని అడుగు.

నిర్వాహకులు: ఈ గొడవకి వేరే చర్చ ఉంది, అక్కడ చూసుకోండి. మూడేళ్ళుగా నడుస్తూనే ఉంది.

మిషిగన్ ఒడ్డున: ఇంతకీ చట్రంలో ఏం రాయమంటారు?

పాతపుస్తకాల పురుగు: ఏదైనా రాయండి గానీ, మూడో పాదం జోలికి పోకండి.

గణపతి కాదు గణాలు: "దాఁ"కి అరసున్న మరిచిపోకండి.