నార్మలైజేషన్ (శాంపిళ్లను పోల్చదగ్గట్టు కొలతలు సరిచేసే) పద్ధతుల్లో ఏది సరైనదో దేన్ని బట్టి చెప్పాలి?

పైపెట్‌పిల్ల:
ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ (ఒక్కో జన్యువు ఆర్‌ఎన్‌ఏ ఎంతుందో లెక్కపెట్టే) డేటా ఉంది, 6 కంట్రోల్ (మందు వేయని) శాంపిళ్లు, 6 మందు వేసిన కణాలవి. టీపీఎం, టీఎంఎం, డీసెక్2 సైజ్ ఫ్యాక్టర్లు, క్వాంటైల్ అనే నాలుగు పద్ధతులూ చేసి చూశా. క్వాంటైల్‌లో బాక్స్‌ప్లాట్లు (ఒక్కో శాంపిల్ విలువల పంపిణీని చూపే బాక్సుల బొమ్మలు) గీత గీసినట్టు ఒకే వరసలో వచ్చాయి, అదే తీసుకుందామని నేను, కాదు టీఎంఎం అని మా సీనియర్. తేడా చూపించే జన్యువుల జాబితా మాత్రం దేనికదే. ఎలా తేల్చాలండి?

గణాంకం:
క్వాంటైల్ చేసే పనే అన్ని శాంపిళ్ల విలువల పంపిణీని ఒకేలా చేసేయడం. బాక్సులు సమంగా వచ్చాయని దానికి మార్కులేస్తే తన పేపరు తనే దిద్దుకున్నట్టు. టీపీఎంకి ఇంకో చిక్కుంది, ప్రతి శాంపిల్ మొత్తం 10 లక్షలే కాబట్టి, మందు వల్ల ఒక్క జన్యువు ఉవ్వెత్తున లేచి సగం వాటా లాగేసుకుందనుకోండి, మిగతావన్నీ ఏమీ మారకపోయినా సగానికి పడిపోయినట్టు కనిపిస్తాయి. 2010లో టీఎంఎం వచ్చిందే ఈ గొడవ కోసం. డీసెక్2కి మాత్రం ముడి కౌంట్లే (ఏమీ సరిచేయని లెక్కలే) ఇవ్వండి, టీపీఎం కాదు.

రీడ్‌కౌంట్:
మీ 6 కంట్రోళ్లనే 3, 3గా విడగొట్టి పోల్చండి, 10 రకాలుగా విడగొట్టొచ్చు. అక్కడ తేడాలు దాదాపు రాకూడదు. ఏ పద్ధతిలో గుట్టలుగా వస్తాయో దాన్ని పక్కన పెట్టండి, కానీ ఒకే ఒక్క విభజనలో వస్తే అది బ్యాచ్ గోల అయ్యుండొచ్చు, శాంపిళ్లు ఏ రోజు తయారుచేశారో చూసుకోండి. అసలు మందు ఏం చేస్తుంది?

పైపెట్‌పిల్ల:
ట్రాన్స్‌క్రిప్షన్‌నే (జన్యువుల నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారీనే) మొత్తంగా తగ్గించే రకం.

రీడ్‌కౌంట్:
అయ్యో, ఇది ముందు చెప్పాల్సిన మాట! టీఎంఎం అయినా డీసెక్2 అయినా ఎక్కువ జన్యువులు మారవనే నమ్మకం మీదే నడుస్తాయి. అన్నీ కలిసి తగ్గితే ఆ తగ్గుదలనే సరిచేసేసి, తక్కువ తగ్గినవాటిని పెరిగినట్టు చూపిస్తాయి. మీ నాలుగింటిలో ఏదీ దీన్ని పట్టుకోలేదు, కాబట్టి ఇందాక చెప్పిన పరీక్ష గట్టెక్కినా లాభం లేదు. స్పైక్-ఇన్ (కొలబద్దగా తెలిసిన మోతాదులో బయటి నుంచి కలిపే ఆర్‌ఎన్‌ఏ) వేశారా?

పైపెట్‌పిల్ల:
ఈఆర్‌సీసీ అనే స్పైక్-ఇన్ వేశాం, అన్ని ట్యూబుల్లో ఆర్‌ఎన్‌ఏ సమానంగా తూచాక.

గణాంకం:
తూచాక వేస్తే ఒక్కో కణంలో ఎంత ఉందన్న లెక్క అప్పటికే పోయింది. కణాలు లెక్కపెట్టి, స్పైక్-ఇన్‌ని లైసిస్ బఫర్‌లోనే (కణాలను పగలగొట్టే ద్రావణంలోనే) కలపాలి. మిగిలిన పెల్లెట్లుంటే (దాచిన కణాల ముద్దలుంటే) అలా చేసి ఓ పది జన్యువులకి క్యూపీసీఆర్ (ఒక్కో జన్యువు ఆర్‌ఎన్‌ఏని విడిగా కొలిచే పరీక్ష) పెట్టండి, మామూలుగా కొలబద్దగా వాడే జీఏపీడీహెచ్ జన్యువుతో భాగించకండి, అది కూడా తగ్గే ఉంటుంది.

పైపెట్‌పిల్ల:
పెల్లెట్లున్నాయి, ట్యూబుల మీద కణాల సంఖ్య కూడా రాసి ఉంది, సీనియర్ చేతిరాతే. సోమవారం మొదలుపెడతా.