గులాబీ లేత ఆకులు పసుపు రంగుకు మారుతున్నాయి, ఏ ఎరువు వేయాలి?

నమస్తే అండీ. మాది హనుమకొండ. మేడ మీద కుండీల్లో గులాబీలు, మందారం, మల్లె, కరివేపాకు పెంచుతున్నాం. మిగతావి బాగానే ఉన్నాయి, టెన్షన్ అంతా గులాబీలతోనే.

కింది ముదురు ఆకులు నిగనిగలాడుతున్నాయి. పైన వచ్చే లేత ఆకులే పసుపు రంగుకు తిరుగుతున్నాయి. వాటిలో ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉండి, ఆకు మీద వల పరిచినట్టు కనిపిస్తున్నాయి. మట్టి నల్లరేగడి, అందులో పశువుల ఎరువు కలిపాం. పోసేది బోరు నీళ్లు. ఆరితే కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది, నీళ్లలోని సున్నమే అనుకుంటున్నా.

ఎరువుల దుకాణంలో డీఏపీ వేయమన్నారు. అందులో నత్రజని 18, భాస్వరం 46 శాతం, పొటాష్ అసలు లేదు. తెలిసినవాళ్లు 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) నీళ్లలో కలిపి పోయమంటున్నారు. కానీ నత్రజని తక్కువైతే ముందు ముదురు ఆకులే పసుపుబారాలి కదా? ఇది ఇనుము లోపమే అని నా అనుమానం. సున్నం ఎక్కువున్న మట్టిలో ఇనుము ఉన్నా వేర్లకు అందదు. భాస్వరం ఎక్కువైతే ఇంకా ఇబ్బంది.

అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) నీళ్లలో కలిపి ఆకుల మీద పిచికారీ చేయాలా, చీలేటెడ్ ఐరన్ (వేర్లకు తేలిగ్గా అందే రూపంలోని ఇనుము) మట్టికి ఇవ్వాలా? 12 అంగుళాల కుండీకి మోతాదు ఎంత? వరంగల్, కరీంనగర్ వైపు బోరు నీళ్లతోనే గులాబీలు పెంచుతున్న అన్నలు, అక్కలు ఉంటే మీరేం వేస్తున్నారో దయచేసి చెప్పండి. మందారం, మల్లెకు వర్మీకంపోస్టు, వేపపిండి సరిపోతాయా? కరివేపాకు కూరల్లో వాడతాం కాబట్టి దానికి రసాయనాలు వేసే ఉద్దేశం లేదు.