విద్యార్థి నాయకత్వం: మార్కులకా, ఓట్లకా, వంతులకా?

హంద్రీ ఒడ్డు (కర్నూలు):

నేను పాఠం చెప్పే విశ్వవిద్యాలయంలో విద్యార్థి మండలి ఏర్పాటుకు ఈ ఏడాది ఒక ముసాయిదా తయారైంది. ప్రతి విభాగంలో అత్యధిక మార్కులు వచ్చిన విద్యార్థిని మండలికి నామినేట్ చేయాలనీ, వారికి మూడు రోజుల నాయకత్వ శిక్షణ ఇప్పించాలనీ, ప్రాంగణంలో వైవిధ్యాన్ని పెంపొందించే బాధ్యతను కూడా ఆ మండలికే అప్పగించాలనీ అందులో రాశారు. అధ్యాపకులను అభిప్రాయం అడిగారు. నా అభిప్రాయం రాసి ఇచ్చే ముందు మీ అందరి మాటా వినాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. విద్యార్థి నాయకులను మార్కులు చూసి నియమించాలా, ఓట్లతో ఎన్నుకోవాలా, లేక బాధ్యతలు వంతులవారీగా అందరి చేతికీ వచ్చేలా చూడాలా?

నేను వంతుల పక్షం.

కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురంలో ఒక విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలని పెద్దలు రాసుకున్నారు. అక్కడ శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఏర్పడడానికి 1981 దాకా పట్టింది. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం 2006లోనూ, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం 2008లోనూ, డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం 2016లోనూ వచ్చాయి. ఉన్నత చదువు ఇంత ఆలస్యంగా ఊరికి దగ్గరైన చోట, ఇంటిల్లిపాదిలో మొదటిసారి డిగ్రీ దాటుతున్న పిల్లలు నా తరగతిలో ఇప్పటికీ ఎందరో ఉన్నారు. మడకశిర వైపు నుంచి ఇంట్లో కన్నడం మాట్లాడేవారూ, కర్నూలు పాతబస్తీ నుంచి ఉర్దూ మాట్లాడేవారూ, తండాల నుంచి వచ్చిన సుగాలీ పిల్లలూ, పంటలు పోయిన ఏడు అమ్మానాన్నలు గుంటూరు వైపు మిరపకోతలకు వలస పోతే అవ్వ దగ్గర ఉండి చదువుకున్న ఆలూరు, పత్తికొండ పిల్లలూ ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుంటున్నారు. వైవిధ్యం కోసం మనం ప్రత్యేకంగా కార్యక్రమాలు పెట్టవలసిన పని లేదు. రిజర్వేషన్ల పుణ్యాన అది ప్రవేశాల దగ్గరే వచ్చేసింది. మైకు దగ్గరికీ, సంతకం దగ్గరికీ, డబ్బు లెక్క దగ్గరికీ మాత్రం ఇంకా రాలేదు. ఏటా స్వాగత సభలో ఎవరు మాట్లాడతారో, అతిథికి పూలగుత్తి ఎవరు ఇస్తారో, కుర్చీలు ఎవరు మోస్తారో నేను జాబితా చూడకుండానే చెప్పగలుగుతున్నాను. ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నవాడిగా ఇది నన్ను బాధిస్తోంది.

మార్కులతో నియమిస్తే ఈ వరుస మారదు. ఇంగ్లీషు మాధ్యమంలో చదివి వచ్చినవారికి మొదటి సెమిస్టరులో మార్కులు ఎక్కువ రావడం సహజం, అందులో వారి తప్పేమీ లేదు. అయితే ఆ మార్కులు నాయకత్వానికి కొలత ఎలా అవుతాయో నాకు అర్థం కావడం లేదు. ఎన్నికల సంగతి చూస్తే, మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘ ఎన్నికలు 1980ల చివరి నుంచి ఆగిపోయాయి. విద్యార్థి సంఘ ఎన్నికల మీద వేసిన లింగ్డో కమిటీ చేసిన, సుప్రీంకోర్టు 2006లో అమలు చేయమన్న సిఫారసులు ఎన్నికలకు దారి చూపుతూనే, వాతావరణం అనుకూలంగా లేని చోట తాత్కాలికంగా నామినేషన్ పద్ధతిని కూడా ఒప్పుకున్నాయి. మన దగ్గర ఆ తాత్కాలికమే శాశ్వతమైపోయింది.

కాబట్టి తరగతి, హాస్టల్ మెస్, గ్రంథాలయం, క్రీడలు, ఎన్.ఎస్.ఎస్. వంటి ప్రతి చిన్న సంఘంలో సెమిస్టరుకు ఇద్దరు చొప్పున బాధ్యులు మారుతూ ఉండాలనీ, అందరికీ ఒక వంతు వచ్చేదాకా ఎవరికీ రెండో వంతు రాకూడదనీ, మండలి సభ్యత్వాలు మాత్రం పంచాయతీల్లో సర్పంచ్ పదవులకు రిజర్వేషన్ తిరిగినట్లుగా వర్గాలవారీగా, మహిళలకు సగం చొప్పున తిరగాలనీ నా ప్రతిపాదన.

బురుజు నీడ (కర్నూలు):

అయ్యా, మీ ఆవేదనలో నిజాయితీ ఉంది. అయినా మీతో ఏకీభవించలేకపోతున్నాను. ఎన్నికలు జరిగిన రోజుల్లో నేను విద్యార్థిని, తరువాత ముప్పై ఏళ్లు డిగ్రీ కళాశాలలో అధ్యాపకుణ్ణి. ఊళ్లలో రెండు ముఠాల మధ్య ఉన్న పగ హాస్టల్ గదిదాకా రావడం కళ్లారా చూశాను. నామినేషన్ల రోజున పిల్లవాడి వెనుక ఊరి నుంచి జీపుల్లో మనుషులు దిగేవారు. నా గదిలో ఉన్న మిత్రుడు అలాంటి ఒక గొడవలో చెయ్యి విరగ్గొట్టుకుని చదువు మానుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఆ తలుపు తెరవకండి.

మీరు ఎన్నికలు అడగడం లేదని తెలుసు. కానీ వర్గాలవారీగా పదవులు తిప్పితే, ఆ వర్గం పేరుతో బయటి పెద్దలు లోపలికి రావడానికి అదే కారణమవుతుంది. మార్కులలో లోపాలున్నా వాటిని మార్చమని ఎవరూ ఒత్తిడి తేలేరు. పదవి ఎందుకు వచ్చిందంటే చూపించడానికి ఒక కాగితం ఉంటుంది. సీమలో అది చిన్న విషయం కాదు. పైగా లెక్క రానివాడి చేతికి మెస్ డబ్బు ఇస్తే నష్టపోయేది ఆ పేద పిల్లలే కదా?

చిత్రావతి (కడప):

పెద్దవారు, మీ భయాన్ని నేను తేలికగా తీసుకోను. మాది అనంతపురం జిల్లాలో ఒక తండా. ప్రస్తుతం కడపలో ప్రభుత్వ ఉద్యోగం చేస్తున్నాను. చదువుకునే రోజుల్లో నాకు హాస్టల్ బాధ్యత ఎలా వచ్చిందో చెబితే మీ ఆఖరి ప్రశ్నకు జవాబు దొరుకుతుందేమో చూడండి.

పదో తరగతిదాకా తెలుగు మాధ్యమంలో చదివి, డిగ్రీ ఎలాగో గట్టెక్కి, పీజీకి విశ్వవిద్యాలయ హాస్టల్లో చేరాను. మొదటి సెమిస్టరంతా తరగతిలో నోరు తెరవలేదు. ఎవరైనా ఓట్లు వేసినా, మార్కులు చూసినా నన్ను దేనికీ ఎంచుకునేవారు కారు. మా హాస్టల్లో మెస్‌కు డివైడింగ్ పద్ధతి ఉండేది. నెలాఖరున మొత్తం ఖర్చును అందరూ తిన్న రోజులతో భాగించి రోజుకు ఇంత అని తేల్చేవారు. ఆ నెలంతా సరుకులు చూసుకునే ఇద్దరిని గది నంబర్ల వరుసలో పెట్టేవారు. అది ఎవరో ఆలోచించి పెట్టిన సంస్కరణేమీ కాదు, ఎవరూ ముందుకు రాకపోవడంతో వార్డెన్ అమ్మగారు చేసిన ఏర్పాటు. మా గది వంతు వచ్చింది.

మొదటి వారం నిద్ర పట్టలేదు. కూరగాయల బండి తెల్లవారుజామున వచ్చేది. కాటా దగ్గర నిలబడి తూకం చూడాలి, స్టోర్ రిజిస్టర్లో రాయాలి, వంటవాళ్లు అడిగిన నూనెకూ తిన్నవాళ్ల సంఖ్యకూ పొంతన కుదురుతోందో లేదో చూడాలి. మా అమ్మ తండాలో బియ్యం డబ్బా చూసి నెల ఎలా గడుస్తుందో చెప్పేది. నాకు ఆ లెక్క పుట్టుకతో వచ్చిందని అప్పుడే తెలిసింది. పదిరోజుల్లో కందిపప్పు బస్తాల తూకం తక్కువ వస్తోందని పట్టుకున్నాను. సరఫరాదారు ముందూ, వార్డెన్ ముందూ నిలబడి తెలుగులో చెప్పాను. గొంతు వణికింది, కానీ లెక్క వణకలేదు. ఆ నెల బిల్లు తగ్గింది. తరువాతి సెమిస్టరులో తరగతిలో ప్రశ్న అడగడానికి చెయ్యెత్తాను. మూడు రోజుల శిక్షణ తరగతుల్లో ఎవరైనా నాకు ఆ ధైర్యం నేర్పగలిగేవారా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

పని తెలియని నా చేతికి ఒంటరిగా డబ్బు ఇవ్వలేదు. నా పక్కన అంతకు ముందు నెల చూసిన సీనియర్ అక్క ఒకరు పదిరోజులు తోడున్నారు. పద్ధతి అంటే అది.

ఇంకొక మాట. హాస్టళ్లన్నింటికీ కలిపి ఒక సమన్వయ సమావేశం ఉండేది. అది రాత్రి ఏడు గంటలకు అబ్బాయిల హాస్టల్లో జరిగేది. మా గేటు ఆరున్నరకు మూసేసేవారు. సమావేశంలో జరిగింది రాసే మినిట్స్ పుస్తకం, మా సంతకాలకు ఖాళీ వదిలి, మరునాడు మా దగ్గరికి వచ్చేది. ప్రవేశాల్లో అమ్మాయిలకు మూడో వంతు సీట్లున్నాయి. నిర్ణయం జరిగే గదిలో మాత్రం మాకు ఒక్క కుర్చీ కూడా ఉండేది కాదు, ఎవరూ మమ్మల్ని రావద్దనకపోయినా.

నల్లరేగడి (నంద్యాల):

నేను ప్రస్తుతం ఎమ్మెస్సీ రెండో ఏడాది చదువుతున్నాను. బీసీ హాస్టళ్లలో ఉండి చదువుకున్నవాణ్ణి. వంతులు కావాలి, కానీ హంద్రీ ఒడ్డు సార్ చెప్పినట్లు వర్గాలవారీగా వద్దు. ప్రవేశాల్లో రిజర్వేషన్ నా హక్కు, దాని గురించి నాకు ఏ సంకోచమూ లేదు. ప్రవేశం పొందిన తరువాత కూడా ప్రతి కమిటీలో నన్ను నా వర్గం ప్రతినిధిగానే కూర్చోబెడితే, నేను ల్యాబ్ పరికరాల గురించి మాట్లాడినా అది నా కులం మాటగానే వింటారు. మా విభాగంలో ఇది జరిగింది. చిత్రావతి అక్కకు గది నంబరును బట్టి వంతు వచ్చింది. ఆమెను ఎవరూ ఏ కోటా కింద వచ్చావని అడగలేదు, అడగడానికి వీలు లేదు. అందుకే చీటీలు తీయమంటున్నాను.

రెండో సంగతి. సెమిస్టరులో పరీక్షలు, సెలవులు పోగా మిగిలేది మూడు నెలలు. పని తెలిసేసరికి వంతు అయిపోతుంది. కనీసం సంవత్సరం ఉండాలి.

పెన్న గట్టు (కడప):

నాకు చూపు లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఉన్నత విద్యలో మాకు 5 శాతం సీట్లు ఇచ్చింది. నేను ఆ సీటులోనే చదువుకున్నాను. ఏ కమిటీకి ఎప్పుడు పేర్లు ఇవ్వాలో తెలిపే నోటీసును గోడకు అంటించేవారు, లేదా దాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టేవారు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ నా ఫోనులో ఉన్నా, అది అలాంటి చాలా ఫొటోల్లోని అక్షరాలను చదవలేకపోయేది. గడువు దాటాక మిత్రులు చెబితే తెలిసేది. నోటీసును టైపు చేసిన అక్షరాలుగా పంపితే చాలు. దీనికి రూపాయి ఖర్చు లేదు. చీటీ అయినా, ఓటు అయినా, మార్కు అయినా, ముందు నాకు సంగతి తెలియాలి కదా.

బురుజు నీడ (కర్నూలు):

చిత్రావతమ్మా, నీ మాట రెండుసార్లు చదివాను. కాటా దగ్గర నిలబడిన అమ్మాయి కంటే మంచి నాయకత్వ పాఠం నేను ముప్పై ఏళ్లలో చెప్పలేదు. చిన్న సంఘాల్లో వంతులకు నేను ఒప్పుకుంటున్నాను. నల్లరేగడి బాబు చెప్పిన చీటీల పద్ధతి నాకు ఇంకా నచ్చింది, ఎందుకంటే చీటీ మీద బయటివాడు ఒత్తిడి తేలేడు. నా భయానికి అది సరైన మందు.

చరిత్ర పాఠం చెప్పినవాడిగా ఒకటి గుర్తు చేస్తాను. చోళ రాజు పరాంతకుని కాలంలో, 919, 921 నాటి తమిళనాడులోని ఉత్తరమేరూరు శాసనాల్లో, గ్రామ సంఘాల సభ్యులను కుండలో వేసిన తాళపత్రపు చీటీలు తీసి ఎంచుకునే నియమాలు చెక్కి ఉన్నాయి. పోటీలో ఉండాలంటే భూమి, సొంత ఇల్లు, వేదజ్ఞానం కావాలన్నారు కాబట్టి అది అందరికీ తెరిచిన తలుపు కాదు. దాన్ని ఆదర్శమని చెప్పను. కానీ అందులో రెండు షరతులు ఇప్పటికీ పనికొస్తాయి. సంఘంలో ఉండి లెక్క అప్పజెప్పనివాడి పేరు, అతని దగ్గరి బంధువుల పేర్లు కుండలో వేయరు. గత మూడేళ్లలో సభ్యుడిగా ఉన్నవాడి పేరూ వేయరు. లింగ్డో కమిటీ కూడా అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు మించకూడదనీ, ఫలితాలు వచ్చిన రెండు వారాల్లో తనిఖీ చేసిన లెక్కలు ఇవ్వాలనీ చెప్పింది. వంతు ఎవరిదైనా కానీ, లెక్క చూపనిదే అది పూర్తయినట్లు కాదని మీ ప్రతిపాదనలో రాయండి.

విద్యార్థి మండలి విషయంలో మాత్రం నా మాట మారదు. ఎన్నికలు వద్దు.

హంద్రీ ఒడ్డు (కర్నూలు):

ఇక్కడ విన్నదాన్ని బట్టి నా ప్రతిపాదనను సవరించుకుంటున్నాను. వర్గాలవారీ వంతును తీసేస్తున్నాను. చిన్న సంఘాల్లో చీటీలే, ప్రతి ఇద్దరిలో ఒకరు అమ్మాయి. కాలవ్యవధి మీద నల్లరేగడి చెప్పింది నిజమే కానీ, సంవత్సరం పెడితే రెండేళ్ల పీజీలో వంతు దక్కేవారి సంఖ్య సగమైపోతుంది. అందుకని సెమిస్టరునే ఉంచి, చిత్రావతి గారి సీనియర్ అక్కలాగా, దిగిపోయేవారు కొత్తవారికి నెలరోజులు తోడుండాలని రాస్తున్నాను. లెక్క అప్పజెప్పడం గురించిన షరతును పెద్దవారి మాటల్లోనే చేర్చాను.

మండలి సంగతి వేరు. దానికి ఇప్పుడు ఎన్నికలే కావాలంటున్నాను. అది పాలకవర్గంతో మాట్లాడే చోటు. ఫీజు పెరిగినప్పుడు, ఉపకార వేతనం ఆలస్యమైనప్పుడు విద్యార్థుల తరఫున నిలబడేవారికి విద్యార్థుల మద్దతు ఉండాలి, చీటీ ఆ మద్దతు ఇవ్వలేదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎన్నికలు జరుగుతున్నప్పుడు మన పిల్లలకు మాత్రం ఎందుకు చేతకాదనుకోవాలి? పెద్దవారితో నాకు భేదం ఇక్కడే ఉంది, దాన్ని దాచుకోను. ఒక చిన్న సంఘంలో లెక్క సరిగ్గా అప్పజెప్పినవారు మాత్రమే మండలికి పోటీ చేయడానికి అర్హులనే నియమం పెడితే, జీపులు దిగే రోజు మళ్లీ రాదని నా నమ్మకం. దీనిని విడి అభిప్రాయంగా రాసి ఇస్తాను.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2012 నిబంధనల ప్రకారం ప్రతి విద్యాసంస్థలో సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలి. మా ముసాయిదాలో ఆ అధికారి ఊసే లేదు. వంతు ఇవ్వకుండా తప్పించినట్లు ఎవరైనా ఫిర్యాదు చేస్తే వినవలసింది ఆయనేనని కూడా రాస్తున్నాను.

సోమవారం లోపు కాగితం ఇవ్వాలి. చేర్చవలసినవి ఇంకేమైనా ఉంటే చెప్పండి.

చిత్రావతి (కడప):

సమావేశాలు సాయంత్రం ఐదు గంటలలోపు ముగియాలనీ, తరగతులు జరిగే భవనంలోనే పెట్టాలనీ చేర్చండి. పెన్న గట్టు గారు అడిగిన టైపు నోటీసు ఇంగ్లీషులోనే కాకుండా తెలుగులోనూ ఉండాలని రాయండి. మినిట్స్ పుస్తకంలో, రాని సభ్యుల పేరు ఎదురుగా వారు ఎందుకు రాలేకపోయారో రాసే గడి ఒకటి పెట్టించండి. మా రోజుల్లో ఆ గడి ఉండి ఉంటే, అందులో ప్రతి నెలా "గేటు మూసి ఉంది" అని రాసి ఉండేదాన్ని.