పురుగుమందు విషప్రభావం: తేరుకున్న రోగికి మళ్లీ ఊపిరి ఎందుకు అందదు?

ప్రశ్న: ఆర్గానోఫాస్ఫేట్ అనే రకం పురుగుమందు విషప్రభావంతో అత్యవసర విభాగానికి వచ్చిన రోగికి కంటిపాపలు సూదిమొనలంతగా కుంచించుకుపోయి, నోటి వెంట చొంగ, ఒళ్లంతా చెమట, ఛాతీలో గురగుర కనిపించగా, విరుగుడు మందు అట్రోపిన్‌తో అవన్నీ తగ్గాయి. అయినా మూడో రోజు ఊపిరి ఎందుకు మందగించింది?

జవాబు 1: దీనిని ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అంటారు, సాధారణంగా 24 నుంచి 96 గంటల మధ్య బయటపడుతుంది. అట్రోపిన్ స్రావాలను తగ్గించి, మందగించిన గుండెను నిలబెడుతుందే తప్ప, నరం కండరంతో కలిసే చోట పనిచేయదు కనుక, ఊపిరి కండరాల నీరసాన్ని అది ఆపలేదు. రోగిని దిండు మీద నుంచి తల ఎత్తమనండి. ఎత్తలేకపోతే వెంటిలేటర్ సిద్ధంగా ఉంచుకోవలసిందే. నా దృష్టిలో ఇంత చిన్న పరీక్షను వార్డుల్లో తగినంతగా వాడడం లేదు. శ్వాసకు సకాలంలో ఆసరా దొరికితే చాలామంది రోజుల్లోనో వారాల్లోనో కోలుకుంటారు.

జవాబు 2: పై వివరణ కలుపుమందు పారాక్వాట్‌కు వర్తించదు. దానికి విరుగుడు లేదు. మొదట నోటిపూత మాత్రమే కనిపించినా, తరువాత మూత్రపిండాలు దెబ్బతిని, ఊపిరితిత్తులు గట్టిపడవచ్చు. పైగా అవసరం లేకుండా ఇచ్చే ఆక్సిజన్ హాని పెంచుతుంది. అందుకే మందు డబ్బాను, కనీసం దాని లేబుల్ ఫోటోనైనా తెమ్మని బంధువులను వెంటనే అడగాలి.

ప్రశ్న అడిగినవారు: ఈ రోగి మెడ ఎత్తలేకపోతున్నారు, ఐసీయూకు మారుస్తున్నాము.