జార్జియా బేస్‌బాల్ టోర్నమెంట్‌కి వెళ్తున్నాం, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మేము నార్త్ కరోలినాలో ఉంటాం. మా అబ్బాయికి 16 ఏళ్లు, బేస్‌బాల్‌లో పిచర్ (క్రికెట్‌లో బౌలర్ లాగా బంతి విసిరేవాడు), ఈ ఫాల్‌లో 11వ తరగతిలోకి వెళ్తాడు. జూలైలో వాడి ట్రావెల్ టీమ్‌తో (స్కూల్ బయట ఊళ్లు తిరిగి ఆడే టీమ్) జార్జియాలోని లేక్‌పాయింట్ స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో పర్ఫెక్ట్ గేమ్ అనే సంస్థ నడిపే టోర్నమెంట్‌కి వెళ్తున్నాం. వందల టీమ్‌లు వస్తాయి, బంతి వేగం కొలిచే రాడార్ గన్‌లు పట్టుకుని కాలేజీ కోచ్‌లు కూర్చుంటారు. నేను గుంటూరులో క్రికెట్ ఆడుతూ పెరిగినవాణ్ణి, కాలేజీలు తమ టీమ్‌లకి ఆటగాళ్లని ఎంచుకునే ఈ రిక్రూటింగ్ పద్ధతులు నాకు కొత్త.

అసలు టెన్షన్ వాడి చెయ్యి గురించి. పోయిన నెల ఇంకో టోర్నమెంట్‌లో శుక్రవారం వాడితో 88 పిచ్‌లు (బంతులు) వేయించి, మళ్లీ ఆదివారం కూడా దింపారు. పిల్లల చేతులు దెబ్బతినకుండా పెట్టిన పిచ్ స్మార్ట్ అనే మార్గదర్శకాల లెక్క ప్రకారం ఈ వయసువాళ్లు ఒక రోజులో 76 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వేస్తే 4 రోజులు విశ్రాంతి ఇవ్వాలి. మోచెయ్యి నొప్పిగా ఉందని వాడు వాళ్లమ్మకి మాత్రమే చెప్పాడు, కోచ్‌కి తెలిస్తే బెంచ్ మీద కూర్చోబెడతారని భయం. డాక్టర్‌కి ఎలాగూ చూపిస్తున్నాం. కానీ వాడి అవకాశం పోకుండా కోచ్‌తో ఈ మాట ఎలా మొదలుపెట్టాలి? మీలో ఎవరైనా మాట్లాడారా?

ఇంకోటి, డివిజన్ వన్ (కాలేజీ ఆటల్లో పై స్థాయి) కోచ్‌లు 11వ తరగతికి ముందు ఆగస్టు 1 దాకా పిల్లలతో రిక్రూటింగ్ గురించి మాట్లాడకూడదు కదా, మరి వాడు ఏ రోజు పిచ్ చేస్తాడో ముందే ఈమెయిల్ పెడితే చూడ్డానికి వస్తారా? డివిజన్ వన్‌లో రోస్టర్‌లు (టీమ్‌లో ఉండే ఆటగాళ్ల సంఖ్య) 34 మందికి కుదించాక జూనియర్ కాలేజీలకి (రెండేళ్ల కాలేజీలు) కూడా రాయమంటున్నారు, అలా వెళ్లిన తెలుగు పిల్లలు ఎవరైనా ఉంటే వాళ్ల అమ్మానాన్నలతో మాట్లాడాలని ఉంది.